పంపుకు అల్యూమినియం కాగితం చుడితే అయస్కాంత క్షేత్రం ఆగదు

సంపాదకులకు నమస్కారాలు.

కిందటి ఆదివారం అనుబంధంలో, వేసవిలో కంప్యూటర్ వేడెక్కకుండా ఇంట్లోనే నీటి శీతలీకరణ అమర్చుకోవడం ఎలాగో వివరిస్తూ మీరు ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చెన్నైలో ఉంటూ తెలుగు పత్రిక తెప్పించుకునే మావంటివారికి, ఇలాంటి పనికొచ్చే సాంకేతిక విషయాలు మన భాషలో దొరకడం ఎంతో సంతోషం. అయితే నీటిని తిప్పే పంపు నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రం హార్డ్ డిస్కును పాడుచేయకుండా, పంపు చుట్టూ వంటింట్లో వాడే అల్యూమినియం కాగితాన్ని రెండు మూడు పొరలుగా చుట్టాలని అందులో ఒక సలహా ఉంది. ఆ వాక్యంలో చెప్పిన ప్రమాదమూ నిజం కాదు, చెప్పిన విరుగుడూ పనిచేయదు. పైగా 230 వోల్టుల పంపుకు, నీటి పక్కన, లోహపు కాగితం చుట్టడం వల్ల లేని ప్రమాదం కొత్తగా వచ్చిపడుతుంది. విద్యుత్ కొలత పరికరాల మరమ్మతులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. పోయిన వేసవిలో సరిగ్గా ఈ సమస్యే మా ఇంట్లో ఎదురైంది కనుక, కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది పెరంబూరు. మా అన్నయ్య కూతురు వీణ నేర్పుతుంది. ఇంటికి వచ్చే శిష్యులతో పాటు నెల్లూరులోనూ అమెరికాలోనూ ఉన్న పిల్లలకు పాఠాలు రికార్డు చేసి పంపుతుంది. వీణకు బిగించిన అయస్కాంత పికప్ (తంత్రుల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే తీగచుట్ట) నుంచి ఒక తీగ, మాటల కోసం పెట్టుకున్న మైకు నుంచి మరొక తీగ కంప్యూటర్‌కు వెళతాయి. మే నెల ఎండలకు కంప్యూటర్ ఫ్యాన్ల హోరు మైకులో పడుతోందని, ఆమె తమ్ముడు ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో ప్రాసెసర్ మీద బిగించే రాగి బ్లాకు, గొట్టాలు, రేడియేటర్ కొన్నాడు. కొళత్తూరులో రంగురంగుల చేపలూ అక్వేరియం సామాన్లూ అమ్మే కొట్టు నుంచి 18 వాట్ల పంపు తెచ్చాడు. అన్నీ చక్కగా అమర్చాడు. ఫ్యాన్ల హోరు తగ్గింది. కానీ వీణ పికప్‌ను తెరిచిన మరుక్షణం, తంబూరా కాని తంబూరాలాగా ఒక రొద మొదలైంది. పంపు ఉన్న ప్లాస్టిక్ తొట్టి, వీణ ఉండే చాపకు జానెడు దూరంలో, కంప్యూటర్ బల్ల కింద ఉంది.

ఈ రొదను చిన్న విషయంగా కొట్టివేయడానికి వీల్లేదని సంగీతం తెలిసినవారు ఒప్పుకుంటారు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగిసలాడుతుంది. పంపులోని ఇనుప దిమ్మె వల్ల దానికి 150, 250 వంటి బేసి గుణిజాలు కూడా తోడవుతాయి. తీగచుట్టలో పుట్టే వోల్టేజి, క్షేత్రం ఎంత వేగంగా మారితే అంత ఎక్కువగా ఉంటుంది కనుక, పికప్ చెవికి ఈ 150 హెర్ట్జ్ రొద దాని అసలు బలానికి మూడింతలుగా వినిపిస్తుంది. వీణ నేర్పే మా అమ్మాయి శ్రుతి మూడు, అంటే ఆధార షడ్జమం సుమారు 165 హెర్ట్జ్. దాని కింద కైశికి నిషాదానికీ కాకలి నిషాదానికీ మధ్య, ఏ స్వరస్థానానికీ చెందని చోట ఆ 150 వచ్చి నిలబడుతుంది. రికార్డింగ్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చు కదా అని ఆమె తమ్ముడు అన్నాడు. అలా తీసినప్పుడు ఆ నిషాదం చుట్టూ ఉన్న నాదం కూడా పలచబడింది. గమకం ఆ చోటు దాటిన ప్రతిసారీ తేడా తెలిసిపోయింది. నేర్చుకునే పిల్లలు గురువు గమకాన్ని విని పట్టుకోవాలి. కనుక రొదను పుట్టిన చోటే అరికట్టాలని నిశ్చయించాం.

ముందుగా పంపు ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే విరుగుడు అంతా అందులోనే ఉంది. అక్వేరియం పంపులో మోటారు ఇరుసు బయటి నుంచి నీటిలోకి రాదు. నీటిని తోసే రెక్కల చక్రానికి ఒక శాశ్వత అయస్కాంతం అతికి ఉంటుంది. అది నీటిలోనే తిరుగుతుంది. ప్లాస్టిక్ గోడకు అవతల, పొరలు పొరలుగా పేర్చిన ఇనుప దిమ్మె మీద తీగ చుట్ట ఉంటుంది. చుట్టలోని కరెంటు దిశ మారినప్పుడల్లా అయస్కాంతం సగం చుట్టు తిరుగుతుంది. రెండు ధ్రువాల అయస్కాంతమైతే నిమిషానికి 3000 చుట్లు. ఈ అమరికలో నీరు కారే సందు లేదు, అదే దాని గొప్ప. అయితే ఇనుప దిమ్మెకూ అయస్కాంతానికీ మధ్య ప్లాస్టిక్, నీరు ఉండడం వల్ల అభివాహం, అంటే అయస్కాంత రేఖల ప్రవాహం, కొంత బయటికి చెదిరిపోతుంది. నీరు, గాజు, ప్లాస్టిక్ దాన్ని ఏమాత్రం ఆపవు. తొట్టిలో మునిగి ఉంది కదా అని ధైర్యపడడానికి లేదు.

ఇక అల్యూమినియం కాగితం సంగతి. రేడియో, టీవీ కేబుళ్లలో లోపల మెరిసే రేకు పొర ఉండడం అందరూ చూసే ఉంటారు. అది నిజంగానే పనిచేస్తుంది కనుక ఇక్కడా పనిచేస్తుందనుకోవడం సహజమే. మారుతున్న అయస్కాంత క్షేత్రం లోహంలో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ ప్రవాహాలు తిరిగి క్షేత్రాన్ని ఎదిరిస్తాయి. సెకనుకు లక్షలసార్లు మారే రేడియో తరంగాలకు ఈ ఎదిరింపు బలంగా ఉంటుంది, పలచని రేకు చాలు. సెకనుకు 50 సార్లు మాత్రమే మారే క్షేత్రానికి అది చాలా బలహీనం. 50 హెర్ట్జ్ క్షేత్రం అల్యూమినియంలోకి చొచ్చుకుపోయి మూడింట ఒక వంతుకు కాస్త పైగా మిగలడానికి సుమారు 12 మిల్లీమీటర్ల మందం కావాలి. రాగిలోనైతే 9 మిల్లీమీటర్లకు పైగా. వంటింటి కాగితం మందం మిల్లీమీటరులో వందో వంతు దరిదాపుల్లో ఉంటుంది. పిడికిలంత పంపుకు దాన్ని మూడు పొరలు చుట్టినా, క్షేత్రం నూటికి ఒక వంతు కూడా తగ్గదు. కాగితానికి ఎర్త్ తీగ కలిపినా ఫలితం మారదు. ఎర్త్ చేయడం విద్యుత్ క్షేత్రానికి విరుగుడు, అయస్కాంత క్షేత్రానికి కాదు. మా ఇంట్లో కూడా మొదట ఈ పని చేసి చూశారు, నేను ఊళ్లో లేనప్పుడు. రొద అలాగే ఉంది.

తరువాత మా వదిన ఒక స్టీలు గిన్నె ఇచ్చి పంపు మీద బోర్లించమంది. ఆమె ఆలోచన చాలావరకు సరైనదే, వస్తువే సరైనది కాదు. మనం వంటకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు చాలావాటికి అయస్కాంతం అంటుకోదు, అంటుకున్నా బలహీనంగా అంటుకుంటుంది. క్రోమియం, నికెల్ కలిసిన ఆ ఉక్కులో అయస్కాంత గుణం దాదాపు పోతుంది. ఫ్రిజ్ తలుపు మీద పెట్టుకునే చిన్న అయస్కాంతం తెచ్చి తాకించి చూడడమే పరీక్ష. గిన్నెకు అది నిలవలేదు. అటక మీది పాత ఇనుప మూకుడుకు గట్టిగా అతుక్కుంది. పంపును నీటిలోంచి తీయకుండా తొట్టి పక్కన, వీణకూ పంపుకూ మధ్య ఆ మూకుడును నిలబెడితే, రొద తగ్గినట్టు గదిలో ఉన్న అందరికీ తెలిసింది.

ఇనుము చేసే పని అల్యూమినియం చేసే పనికి భిన్నం. ఇనుము క్షేత్రాన్ని ఎదిరించదు, తన గుండా దారి ఇస్తుంది. గాలి కంటే వందల రెట్లు సులభమైన దారి కనుక, చెదిరిన అభివాహం ఆ ఇనుములోకి మళ్లి, దానిలోనే తిరిగి పంపు దగ్గరికి చేరుతుంది. బయట ఉన్న పికప్ దాకా రాదు. అందుకే ఇనుప అడ్డు ఒక పక్క మాత్రమే ఉంటే సగం పనే జరుగుతుంది, అది పెట్టెలాగా చుట్టూ మూసుకుని ఉండాలి. మూలల్లో రేకులు ఒకదాని అంచుకు మరొకటి ఆనడం చాలదు; ఒకదాని మీద మరొకటి వేలు వెడల్పున ఎక్కాలి. అభివాహానికి వెంట్రుకంత గాలి సందు కూడా పెద్ద అడ్డంకే.

ఈ పనికి పుట్టిన లోహం ఒకటుంది, దాన్ని మ్యూ-మెటల్ అంటారు. నూటికి సుమారు 77 పాళ్లు నికెల్, మిగిలినది ఎక్కువగా ఇనుము, కొద్దిగా రాగి మొదలైనవి. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్ల కోసం 1923లో లండన్‌లో స్మిత్, గార్నెట్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. దీని అయస్కాంత ప్రవేశ్యశీలత, అంటే క్షేత్రానికి తన గుండా దారి ఇచ్చే గుణం, మామూలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ దీన్ని వంచినా, సుత్తితో కొట్టినా, కింద పడేసినా ఆ గుణం బాగా తగ్గిపోతుంది. ఆకారం ఇచ్చిన తరువాత హైడ్రోజన్ వాయువులో వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి నెమ్మదిగా చల్లార్చాలి. పైగా బలమైన క్షేత్రం ముందు తొందరగా సంతృప్తమై, అంటే ఇక పట్టలేనంతగా నిండిపోయి, చేతులెత్తేస్తుంది. పంపును ఆనుకుని ఉండే చోట మామూలు ఇనుమే మేలు. ఇంట్లో కత్తెరతో కత్తిరించి చుట్టుకోమని ఎవరైనా మ్యూ-మెటల్ రేకు అమ్మజూపితే డబ్బు పెట్టవద్దని నా సలహా.

మేము రేకు పనిచేసే అతనితో ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఎం.ఎస్. (మామూలు మెత్తటి ఉక్కు) రేకుతో, మూతతో సహా ఒక పెట్టె చేయించాం. ప్లాస్టిక్ తొట్టి మొత్తం అందులో పట్టేంత, చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ ఉండేంత పెద్దదిగా. పెట్టె పంపుకు మరీ దగ్గరగా ఉంటే రేకే సెకనుకు వందసార్లు అదిరి గుయ్యిమంటుంది, వేడి కూడా బయటికి పోదు. గొట్టాలకు, తీగకు వేరువేరుగా చిన్న కన్నాలు పెట్టించి, అంచులు తీగను కోయకుండా రబ్బరు వలయాలు తొడిగాం. అడుగున రబ్బరు పరిచాం. చెన్నై గాలికి ఇనుము నిలవదు కనుక లోపలా బయటా రంగు వేయించాం. పెట్టెకు ఎర్త్ తీగ బిగించాం. ఇది రొద కోసం కాదు, ఇనుప పెట్టె, నీరు, కరెంటు ఒకచోట ఉన్నప్పుడు ప్రాణరక్షణ కోసం.

ఇంత చేసినా, శ్రద్ధగా వింటే రొద జాడ మిగిలింది. దాన్ని పూర్తిగా పోగొట్టింది పెట్టె కాదు, దూరం. ఈ ఒక్క మాట వ్యాసంలో ఉండి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పంపు వంటి చిన్న వస్తువు నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రం, దాని పరిమాణానికి మించిన దూరాల్లో, దూరపు ఘనాన్ని బట్టి తగ్గుతుంది. జానెడు దూరం నుంచి మూరెడుకు జరిపితే, దూరం రెట్టింపు, క్షేత్రం ఎనిమిదో వంతు. బారెడుకు జరిపితే, అంటే జానకు ఎనిమిది రెట్లకు, 512వ వంతు. ఇంత చవకగా ఇంత ఫలితమిచ్చే కవచం ఏ లోహంతోనూ చేయలేం. గొట్టాలు మరో మూడు నాలుగు అడుగులు పొడవు కావడం వల్ల నీటి వేగం కొద్దిగా తగ్గుతుంది, అంతే. మేము కొలిచినప్పుడు ప్రాసెసర్ వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తొట్టిని గది అవతలి మూలకు మార్చాక, ఇనుప పెట్టెను తీసి చూసినా రొద వినబడలేదు. అయినా పెట్టెను ఉంచాం. ఇలా జరిపే చోటు లేని ఒంటిగది ఇళ్లవారికి పెట్టె అవసరమే.

దిశ కూడా ముఖ్యమే. తీగచుట్ట అక్షానికి క్షేత్రం అడ్డంగా ఉంటే అందులో దాదాపు ఏమీ పుట్టదు. పంపును ఉన్నచోటే పావు చుట్టు తిప్పి, ఆ తరువాత పక్కకు పడుకోబెట్టి వినండి. ఏదో ఒక స్థితిలో రొద అట్టడుగుకు పడుతుంది. గిటార్ వాయించేవారికి ఇది అలవాటైన విద్య. 1955లో గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజనీరు, ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టిన రెండు చుట్టలతో, బయటి రొద తనంతట తానే రద్దయ్యే పికప్ చేశారు. అటువంటిది వాడితే మేలే. కానీ పంపు మరీ దగ్గర ఉంటే రెండు చుట్టల దగ్గరా క్షేత్రం సమానంగా ఉండదు, కనుక పూర్తిగా రద్దు కాదు.

హార్డ్ డిస్కు గురించి పాఠకులను అనవసరంగా భయపెట్టారు. తిరిగే డిస్కు ఉన్న ప్రతి హార్డ్ డ్రైవ్‌లోనూ, చదివే చేతిని కదిలించడానికి బలమైన నియోడిమియం అయస్కాంతాలు, ఆ డిస్కుకు అంగుళం దూరం కూడా లేకుండా, తయారీదారులే అమరుస్తారు. దానిమీది సమాచారాన్ని చెరపాలంటే, చిన్న పంపు నుంచి చెదిరే క్షేత్రం కంటే వేల రెట్లు బలమైనది కావాలి. తిరిగే డిస్కు లేకుండా చిప్‌లతో చేసే ఎస్.ఎస్.డి.లలో సమాచారం అయస్కాంత రూపంలో ఉండనే ఉండదు. ప్రాసెసర్‌కు, మెమరీకి కూడా ఈ క్షేత్రంతో బాధ లేదు. ఈ భయం పాత రోజుల నుంచి మిగిలింది. 2004లో నా స్నేహితుడి కుమారుడు ఇలాగే అక్వేరియం పంపుతో కంప్యూటర్ కట్టినప్పుడు, పక్కనున్న పాత గాజు గొట్టపు మానిటర్ మీద అక్షరాలు అలల్లా ఊగాయి. ఆ మానిటర్లలో బొమ్మను గీసేది ఎలక్ట్రాన్ల పుంజం, దాన్ని ఏ అయస్కాంతమైనా పక్కకు వంచుతుంది. తెర సెకనుకు 60 సార్లు, క్షేత్రం 50 సార్లు మారితే, తేడా అయిన పదిసార్లు అక్షరాలు వణుకుతాయి. ఇప్పటి ఎల్.సి.డి. తెరలకు ఆ బాధ లేదు. నేడు నిజంగా బాధపడేవి పికప్‌లు, డైనమిక్ మైకులు, గ్రామఫోన్ సూదులు, ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు. ఒక్క మాటలో, తీగచుట్టతో సన్నని సంకేతాన్ని పట్టే పరికరాలు.

వినిపించే ప్రతి రొదా అయస్కాంతం వల్లనే వస్తుందని కూడా అనుకోకూడదు. కంప్యూటర్, ఆంప్లిఫయర్, పంపు వేరువేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ అయినప్పుడు, ఆ ఎర్త్ తీగలే ఒక వలయమై రొదను తెస్తాయి. రెండింటినీ విడదీసే పరీక్ష సులభం. పంపును అదే ప్లగ్గులో ఉంచి, స్విచ్ ఆపి, దాన్ని నీళ్ల బకెట్‌లో వేసి, గది అవతలికి జరిపి, మళ్లీ స్విచ్ వేయండి. రొద మాయమైతే తప్పు క్షేత్రానిది. అలాగే ఉంటే తప్పు తీగలది, ఎర్త్‌ది, అప్పుడు ఎంత ఇనుము పెట్టినా లాభం లేదు. ఈ పరీక్ష చేసేంతసేపు కంప్యూటర్‌కు నీరు అందదు కనుక దాన్ని ఆపి ఉంచి, పికప్‌ను ఎప్పుడూ వాడే ప్లగ్గు నుంచే నడిచే ఆంప్లిఫయర్‌కు కలిపి వినడం మంచిది. ఫోన్‌లోని దిక్సూచి యాప్‌తో కొలుస్తామంటే అది తప్పుదోవ పట్టిస్తుంది. భూమి అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లా. ఫోన్ దాన్ని చక్కగా చూపిస్తుంది, కానీ సెకనుకు 50 సార్లు తలకిందులయ్యే క్షేత్రాన్ని అంత వేగంగా చదవలేక సగటు చేసి మింగేస్తుంది. స్విచ్ వేసినప్పుడు, తీసినప్పుడు మాత్రమే టప్పుమంటే, అది పంపు చుట్ట నుంచి వచ్చే క్షణిక వోల్టేజి. ఆ స్విచ్‌కు తగిన స్నబ్బర్‌ను (ఆ క్షణిక వోల్టేజిని మింగే చిన్న పరికరం) తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాలి.

కొత్తగా కొనేవారు అక్వేరియం పంపు జోలికి పోకుండా, కంప్యూటర్ కోసమే చేసిన 12 వోల్టుల పంపు కొనమని చెబుతాను. ధర ఎక్కువే. కానీ నీటి దగ్గర 12 వోల్టులకూ 230 వోల్టులకూ ఉన్న తేడా ధరతో కొలిచేది కాదు. దాని నుంచి 50 హెర్ట్జ్ రొద కూడా రాదు. అందులోనూ అయస్కాంతం తిరుగుతుంది కనుక క్షేత్రం పూర్తిగా ఉండదని కాదు. వీణకు దాన్నీ దూరంగానే ఉంచాలి.

అల్యూమినియం కాగితం వల్ల వచ్చే ప్రమాదాన్ని చివరికి ఉంచినా, నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది అదే. పంపు తీగ పైతొడుగు ఎక్కడైనా కోసుకుపోతే, చుట్టిన కాగితమంతా కరెంటుతో నిండుతుంది. తడి చేయి దానికే మొదట తగులుతుంది. మీ వ్యాసం చదివి ఇప్పటికే కాగితం చుట్టినవారు ఉండవచ్చు. వారు పంపును తాకకముందే స్విచ్ ఆపి, ప్లగ్గు బయటికి లాగి, ఆ తరువాతే కాగితం తీసేయాలనీ, పంపు ప్లగ్గు ఉన్న లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించుకోవాలనీ, తీగను ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకుపోతే జారే నీటిబొట్టు ప్లగ్గుకు చేరకుండా ఆ వంపులోనే రాలిపోతుందనీ, వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో సవరణ ప్రచురించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూరు, చెన్నై.